రెండున్నర నంబరు నాలిక

ఫిబ్రవరి 24, సోమవారం

నాయన మూతి పక్కకు పోయి ఈరోజుకు పదహారు రోజులు. కుడి కన్ను పూర్తిగా మూతపడటం లేదు. నీళ్ళు తాగితే కుడి మూల నుంచి చొక్కా మీదికి కారుతున్నాయి. అనంతపురం డాక్టరు ముఖంలో నరం వాచిందన్నాడు. చాలామందికి మూడు నెలల్లో సర్దుకుంటుందట. కొందరికి కొంచెం మిగిలిపోతుందట. కొంచెం అంటే ఎంత అని అడగలేదు. అడగవలసింది నేనే. అమ్మకు ఆయన ఇంగ్లీషు అర్థం కాలేదు.

నాయన క్లారినెట్‌కు పెట్టే కొత్త రీడ్ల పెట్టె తెరిచాను. ఊదితే అదిరి పలికే సన్నని గడ చీలికలు. పది. గట్టిదనం మూడో నంబరు. వెలుతురుకు పట్టి చూశాను. నాలుగింటికి నడిమి వెన్ను నిటారుగా ఉంది, అంచు రెండు వైపులా సమానంగా పలచబడింది. వాటిని తీసుకున్నాను. మడమ మీద, అంటే మందపు కొసన, పెన్సిలుతో పేర్లు రాశాను: మత్తయి, మార్కు, లూకా, యోహాను. అంకెలు వేస్తే రీడు నంబరుతో కలిసిపోతాయి. మా కాన్వెంటు సిస్టర్లు చూస్తే చెవి మెలిపెట్టేవారు.

పెళ్ళి ముహూర్తాలు మే నెలలో ఉన్నాయి. బ్యాండు మేళంలో వాయించడానికి అప్పటికి నాయనకు నాలుగు మంచి రీడ్లు ఉండాలి.

కొత్త రీడును మెత్తబరిచే పని నా పదో ఏటి నుంచి నాది. నాయనకు అంత ఓపిక లేదు. మొదటి రోజు ఐదు నిమిషాలు, పొడుగు స్వరాలు మాత్రమే. మర్నాడు పది. వారానికి రీడు దారికి వస్తుంది. వచ్చాక నాయనకు ఇచ్చేస్తాను. వాయించేది నాయన. నాది పరీక్ష.

ఫిబ్రవరి 25

నలుగురికీ ఐదేసి నిమిషాలు. కిటికీ మూశాను.

ఫిబ్రవరి 28

మార్కు కీచుమంటోంది. పై స్వరాల్లో పిల్లి తోక తొక్కినట్టు. మడమ తుడిచి బండ మీద పెట్టాను. ఇది తాడిపత్రిలో పాలిషు పనిచేసే చిన్నప్ప మామ తెచ్చిచ్చిన నల్లరాయి ముక్క. పుస్తకమంత ఉంటుంది. అంత చదునైనది మా ఇంట్లో ఇంకేదీ లేదు. తడి రీడును దాని మీద ఆనించి తీస్తే తడి ముద్ర పడుతుంది. ముద్ర నడుమ ఖాళీ ఉంటే రీడు వీపు వంగినట్టు. మార్కు ముద్రలో ఖాళీ ఉంది.

బండ మీద నున్నటి నీటి కాగితం, తడిపి వాడే ఉప్పు కాగితం, పరిచి, వీపు ఆనించి, ఇరవైసార్లు రుద్దాను. మళ్ళీ ముద్ర చూశాను. నిండుగా పడింది. కీచు పోయింది.

మనిషి ముఖానికి ఇలాంటి బండ లేదు. ఇది రాయకుండా ఉండవలసింది.

మార్చి 5

గాలిలో చుక్క తడి లేదు. పొద్దున తడిపిన రీడు, జడ వేసుకునేలోపు ఎండి అంచు అలలు తేలింది. నాయన ఒకప్పుడు చెప్పాడు, ఈ గడ ఎక్కడో ఏటి ఒడ్డున, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పెరుగుతుందట. అలాంటిదాన్ని ధర్మవరం తెచ్చి ఊదుతున్నాం.

స్టీలు టిఫిను డబ్బాలో తడిగుడ్డ వేసి నలుగురినీ అందులో పడుకోబెట్టాను. డబ్బాను నీళ్ళ కుండ పక్కన పెట్టాను.

మార్చి 8

తడిగుడ్డ బూజు పట్టింది. వేరే ఉపాయం కావాలి.

మార్చి 9, ఆదివారం

చర్చిలో నాయన కండువా నోటికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, "పెట్టె తీయి పాపా," అన్నాడు.

క్లారినెట్ బిగించి ఇచ్చాను. మత్తయిని పెట్టాను. నాయన చాలాసేపు తడిపాడు. నాయన రీడును రీడు అనడు, నాలిక అంటాడు. నాలిక లేకపోతే క్లారినెట్ ఉత్త నల్లగొట్టం అంటాడు. మేళంలో అందరికీ ఆ మాట అలవాటైంది.

ఊదాడు. స్వరం రాలేదు. కుడి మూల నుంచి గాలి బయటికి పోయింది, సైకిలు ట్యూబు దిగినట్టు. మళ్ళీ ఊదాడు. అదే.

మౌత్‌పీసు తీసి చూసి, "నాలిక శానా గట్టిగా ఉండాది," అన్నాడు.

"అవును నాయనా. ఎండకు గట్టిపడింది," అన్నాను.

అమ్మ చాటలో శనక్కాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు.

మార్చి 12

మత్తయిని బాగా గీకాను. మెత్తబడ్డాడు. నాయనకు మళ్ళీ రాలేదు. లూకాను గీకాను. లూకా పాడైపోయాడు. వెన్ను పలచబడితే ఇక బాగుచేయడం ఉండదు. మొత్తం పెట్టెలో మంచివి రెండే మిగిలాయి.

నిరుడు బెంగుళూరు కొట్టులో పొరపాటున ఇచ్చిన పెట్టె ఒకటి అటక మీద ఉంది. రెండున్నర నంబరు. నాయన మూడు తప్ప నోట్లో పెట్టడు. రెండున్నర పిల్లకాయలదట. ఆ పెట్టె సీలు కూడా విప్పలేదు.

మార్చి 13

విప్పాను. నాలుగు తీసి, నంబరు ముద్ర నీటి కాగితంతో పోయేదాకా రుద్దాను. మత్తయి, మార్కు, లూకా, యోహాను అని రాశాను.

ఇది అబద్ధం కాదు. ఆ నంబరు కంపెనీ వాళ్ళు వేసింది. రీడు వేసుకున్నది కాదు.

మార్చి 19

కొత్త నలుగురూ దారికి వస్తున్నారు. నాయన ఊది చూసుకోలేడు కాబట్టి నా నోటితోనే చూస్తున్నాను. ఎడమ వైపు బిగువుగా అనిపిస్తే ఎడమ వైపు ఒక గీకు. మళ్ళీ ఊదడం. కింది స్వరం బుసకొడితే ఇంకో గీకు. మళ్ళీ ఊదడం.

పరీక్ష, ఇరవై నిమిషాలు.

మార్చి 22

పరీక్ష, నలభై నిమిషాలు. పొడుగు స్వరాల్లో బాగున్న రీడు పాటలో మోసం చేయవచ్చు. అందుకని మోహన రాగంలో నాయన ఎదురుకోళ్ళకు వాయించే పాట మొత్తం వాయించి చూశాను. పాటలో బాగున్నది ఎండలో మోసం చేయవచ్చు. అందుకని మధ్యాహ్నం ఇంకోసారి.

కిటికీ మూసే ఉంది. రేకుల కప్పు కింద కిటికీ మూసుకుంటే రొట్టెల పొయ్యిలో ఉన్నట్టే. ఫరవాలేదు.

నాయన ఆ వేళల్లో బయట వేపచెట్టు కింద మంచం వేసుకుని పడుకుంటున్నాడు. నిద్రపోతాడనుకుంటాను.

మార్చి 27

పొద్దున గోడ అవతల మగ్గం చప్పుడు ఆగింది. అక్కమ్మత్త తల గోడ మీదికి వచ్చింది. అత్త మా చుట్టం కాదు. పట్టుచీరలు నేసేవాళ్ళు. పిలుపు అంతే.

"ఏమ్మే తిమ్మమ్మా! నీ మొగునికి మూతి బాగైపాయనే. చెప్పనే లేదు!"

అమ్మ ముగ్గు వేస్తోంది. "ఎవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పల్లనా? దినాం వింటాండా కదమ్మే. మొన్న ఎదురుకోళ్ళ పాట వాయిస్తాంటే నా చేతిలో మగ్గం నాడె నిలబడిపాయె. నా పెండ్లికి వాయించింది అదే పాట. మా ఆయన మగ్గంలోంచే కేకేసినాడు, నీ పాట వస్తాండాది సూడు అని. ముప్పై ఏండ్లకు ఇప్పుడు సరసం ఆడతాండాడు ముసలోడు!"

అమ్మ నా వైపు చూసింది. తరవాత ముగ్గు వైపు చూసింది. "ఆ," అంది.

"మే తొమ్మిదికి మా రేఖ పెండ్లి పెట్టుకున్న్యాం. సోమందేపల్లె సమ్మందం. యేసన్నే వాయించల్ల. వేరే మేళగాని మొగం కూడా సూడను."

నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆ వాయించింది నాయన కాదు అని చెప్పవచ్చు. నోట్లో రెండు క్లిప్పులు ఉన్నాయి.

"నీ బిడ్డ మాత్రం అట్లే ఉండాది సూడు," అని నవ్వింది అత్త. "నోట్లో నాలిక లేని పిల్ల."

మార్చి 28

క్లిప్పులు తీసి చెప్పవచ్చు.

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు స్కూటరు. బ్యాండు మాస్టరు నాగేశ్వర మామ, అక్కమ్మత్త. అత్త చేతిలో పళ్ళెం. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు.

పెళ్ళివారు తాంబూలం ఇస్తారు. మేళం మాస్టరుకు ఇస్తే చాలు. అత్త నాయనకే ఇస్తానని పట్టుబట్టిందట. చేతిలో ఆకు పడిందంటే ఆ రోజు ఆ మనిషి వాయించాలి. ఇంట్లో చావు తప్ప వేరే సాకు చెల్లదు. నాకు తెలిసి నాయన ఎప్పుడూ తాంబూలం తప్పలేదు. ఒకసారి కాలికి కట్టుతో ఎద్దులబండి మీద కూర్చుని వాయించాడు.

"యేమప్పా యేసన్నా," అన్నాడు నాగేశ్వర మామ, "మూతి వంకరైనా పాట వంకర కాలేదంట. వీదంతా చెప్పుకుంటాండారు. నాకు మాత్రం ఒక మాట చెప్పల్యా నువ్వు."

నాయన కండువా నోటి దగ్గరే ఉంది. నేను తలుపు పక్కన బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయన ఒక్కసారి నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నా నోట్లో అప్పుడు క్లిప్పులు లేవు.

"నీ చేత్తో తీసుకోప్పా," అంది అత్త. "నా పెండ్లి నాటికి నీకింకా మీసాలు కూడా సరిగ్గా రాల్యా. గొట్టం నీకంటే పొడుగుండె. గుర్తుండాదా?"

నాయన రెండు చేతులూ చాపాడు. కండువా జారింది. అత్త ఆ మూతి చూసి ఒక్క క్షణం ఆగి, ఆకులు చేతిలో పెట్టేసింది.

ఏప్రిల్ 7

తాంబూలం ఎందుకు తీసుకున్నావని నేను నాయనను అడగలేదు. ఎందుకు చెప్పలేదని నాయన నన్ను అడగలేదు.

పరీక్ష లేదు.

ఏప్రిల్ 9

తాంబూలంలోని తమలపాకు ఒకటి మొన్న తడిపి టిఫిను డబ్బాలో వేశాను. గుడ్డ కంటే మేలు. రెండు రోజులైనా ఆకు ఆకుగానే ఉంది, బూజు లేదు, రీడ్ల అంచులు తిన్నగా ఉన్నాయి. అక్కమ్మత్త ఇచ్చిన ఆకును ఇలా వాడకూడదేమో. వాడాను.

పరీక్ష, గంట.

ఏప్రిల్ 13, మట్టలాదివారం

నాయన కొత్త ఉపాయం పట్టాడు. కుడి మూలను వేలితో అదిమితే గాలి పోదు. స్వరం వచ్చింది. నిజంగా వచ్చింది. సన్నగా, వణుకుతూ, కానీ స్వరమే. కానీ క్లారినెట్‌కు రెండు చేతులూ కావాలి. అందుకని అమ్మను పిలిచాడు.

అమ్మ పక్కన నిలబడి నాయన మూతి మూల బొటనవేలితో అదిమింది. నాయన ఊదాడు. ఐదు స్వరాలు. ఆరోదానికి అమ్మ వేలు జారింది. బుస్సుమంది.

"సరిగ్గా పట్టమ్మే!"

"పట్టినా కదా. ఎంగిలికి జారతాండాది."

"పెండ్లిలో ఇట్లే పట్టల్ల నువ్వు."

"ఏం బతుకప్పా ఇది! మొగుని మూతి పట్టుకొని ధర్మవరం అంతా తిరగల్లనా నేను? జనాలు నగరా? యేసన్న పెండ్లాం మొగుణ్ణి నోరు మూపిచ్చడానికే వచ్చినాది అంటారు."

నాయన నవ్వాడు. సగం ముఖమే నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తరవాత కొంగుతో వేలు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పెట్టె తీయలేదు.

ఏప్రిల్ 24

అనంతపురం వెళ్ళాం. ఈసారి అడిగాను. డాక్టరు నా వైపు తిరిగి, "ఈల వేయగలడా?" అన్నాడు.

నాయన పెదాలు ముందుకు పెట్టాడు. గాలి వచ్చింది.

"ఇంకో ఆరు నెలలు చూద్దాం. తిండికీ మాటకూ ఇబ్బంది ఉండదు," అన్నాడు డాక్టరు. ఆయన దృష్టిలో అది మంచి మాటే.

బస్సులో నాయన కిటికీ వైపు కూర్చున్నాడు. దారి పొడుగునా దున్ని వదిలేసిన ఎర్రచేలు. వాన పడితే విత్తనం. నాయన ఒకటే మాట అన్నాడు: "మే తొమ్మిదికి ఎన్ని దినాలు?"

"పదిహేను," అన్నాను.

ఏప్రిల్ 27

రీడు మెత్తదనం సరిగ్గా కుదిరితే పెదవి బలం సగం చాలు. ఎక్కడో చదివాను. యోహాను మీద రెండు గంటలు పని చేశాను. ఇంత మంచి రీడు ఈ పన్నెండేళ్ళలో చేయలేదు. ఊపిరి తగిలితే చాలు పలుకుతుంది. నాయన నోటికి ఇది సరిపోవాలి.

ఏప్రిల్ 30

నాయన యోహానును పెట్టుకున్నాడు. ఎవరినీ పిలవలేదు. మూతి మూలకు ప్లాస్టరు అంటించుకున్నాడు. ఒక్క స్వరం ఊది, ఆపి, రీడు విప్పాడు. బొటనవేలి గోరు మీద అంచును వంచి చూశాడు.

"ఇది మూడు కాదు."

నేను టిఫిను డబ్బా మూత సరిచేశాను.

"రెండున్నర. అటక మీద పెట్టెలోది."

"నీకు తేలికగా ఉంటుందని నాయనా."

"నంబరు సంగతి పోనీయి." నాయనకు కోపం రాలేదు. వస్తే నాకు తేలికగా ఉండేది. "ఎడమ పక్క ఇంత ఏంటికి గీకినావు?"

"ఎడమ వైపు బిగువుగా ఉండింది."

"ఎవురికి?"

నేను రీడు వైపు చూశాను.

"నాది కుడి పక్క పోయింది. నాకు గీకేదైతే కుడి పక్క గీకల్ల. ఇది నీ నోటికి చేసుకున్యావు పాపా. తెచ్చి చూపీ, ఆ మూడూ."

తెచ్చాను. నాలుగూ గోరు మీద పెట్టి చూశాడు. నాలుగింటినీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ఎవురి నోటితో చూస్తే వాళ్ళ నాలికే తయారైతాది. నీ తప్పేముండాది దాంట్లో."

మే 1

నాయన పొరబడ్డాడు. నేను నాయన కోసమే చేశాను. ప్రతి రోజూ నాయన పేరు తలుచుకునే గీకాను. ఫిబ్రవరి నుంచి రాసింది మొత్తం చదివాను. ఎక్కడా వేరేలా లేదు.

ఎడమ వైపు బిగువు. ఎడమ వైపు బిగువు. మార్చి పందొమ్మిదిన ఉంది.

మే 2

నాయన ఏమీ చెప్పకుండా లూకాను తీసుకున్నాడు. పాత నాలుగణాల బిళ్ళ తెచ్చాడు. రీడు అంచు బిళ్ళ వంపు బయటికి వెంట్రుకవాసి ఉండేలా పెట్టి, అగ్గిపుల్ల గీసి ఆ వెంట్రుకను కాల్చేశాడు. ఇది నాయనకు తాత నేర్పాడు, తాతకు నేర్పింది ఎవరో నాయనకు తెలియదు. అంచు కొస తగ్గితే రీడు కొంచెం గట్టిపడుతుంది.

"రేకుల కింద కూచుని వాయించేదానికి ఇంత మెత్తదనం సరిపోతాది," అన్నాడు. "ఎండలో నడిస్తే కూలబడిపోతాది."

నడిచేది ఎవరని అడగలేదు. లూకాను పరీక్షించాను. సరిగ్గా నాకు కావలసినంత గట్టిపడింది.

మే 5

అమ్మ పొద్దున్నే అంది: "మీ నాయన చెప్పడు. చెప్తే ఆయన పేరు పోయినట్లే అనుకుంటాండాడు. నువ్వు పోయి నాగేశ్వరకు చెప్పిరా. వేరే మనిషిని చూసుకోమను. ఇంగా నాలుగు దినాలుండాది."

చెప్పవలసిన మాటలు కాగితం మీద రాసుకున్నాను. మూడు వాక్యాలు. రైల్వే గేటు దగ్గర బ్యాండు గదికి వెళ్ళాను. మామ ఎర్ర కోట్లు దులిపి ఎండలో ఆరేస్తున్నాడు.

"ఏం పాపా, ఇంత దూరం వస్తివే?"

కాగితం చేతిలో ఉంది.

"కార్కుకు పూసే గ్రీజు ఉందా మామా?" అన్నాను.

ఇచ్చాడు. మా ఇంట్లో నిండు డబ్బా ఉంది.

"నాయనకు చెప్పు. కోటు బొత్తాలు మెరుగు పెట్టిచ్చినా. ఆ దినం రాజు మాదిరుంటాడు," అన్నాడు.

మే 8

నలుగురూ సిద్ధం. కొత్త తమలపాకు వేశాను.

మే 9, శుక్రవారం

యోహాను. పరీక్ష, గంటా పది నిమిషాలు. కీచు లేదు.

మే 10

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదికే ఎండ మాడుతోంది. పెళ్ళికొడుకు వాళ్ళ బస్సు వీధి చివర ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఎదురుకోళ్ళు. నాయన ఎర్రకోటు వేసుకుని, "డబ్బా తీసుకొని రా. ఎండకు నాలిక ఆరిపోతాది," అన్నాడు. నేను ఇంతవరకు మేళం వెంట వెళ్ళలేదు. ఆడవాళ్ళెవరూ వెళ్ళరు. డబ్బా పట్టుకుని వెనక నడిచాను. నీళ్ళబాటిలు కూడా పట్టుకున్నాను, పని మీద వచ్చినట్టు కనిపించడానికి.

డ్రమ్ములు మొదలయ్యాయి. నాయన క్లారినెట్ ఎత్తాడు. డ్రమ్ముల చప్పుడులో ఏదీ తెలియదు. తెలిసింది నాగేశ్వర మామకు. ట్రంపెట్ దించి వెనక్కి తిరిగి చూశాడు. నాయన వేళ్ళు కదులుతున్నాయి. పాట మొత్తం వేళ్ళలో ఉంది. బయటికి గాలి మాత్రమే వస్తోంది.

నాయన క్లారినెట్ దించి నాకు ఇచ్చాడు.

"ఆరిపోయింది. చూడు."

"ఇంటికి పోయి చూసి తేనా నాయనా?"

"ఈడనే చూడు."

ఎప్పుడూ చెప్పే మాటే. రీడు చూడడం నా పనే. యోహానును తడిపి పెట్టాను. జనం అటువైపు ఉన్నారు. నేను ఇటు తిరిగి, ఒక ఇంటి గోడకు ముఖం పెట్టి, ఒక పొడుగు స్వరం ఊదాను.

"ఇంగా మెత్తబడల్యా," అన్నాడు నాయన. "ఇంగోటి."

ఇంకోటి ఊదాను.

"పాట పెట్టి చూడు."

పాట పెట్టాను. పొడుగు స్వరంలో బాగున్నది పాటలో మోసం చేయవచ్చు. సున్నం గోడ. దాని మీద ఏదో పార్టీ రాత సగం చెరిగిపోయి ఉంది. ఆ అక్షరాలు చూస్తూ వాయించాను. డ్రమ్ములు ఎప్పుడు నాకు సరిపెట్టుకున్నాయో తెలియదు. పల్లవి రెండోసారికి వెనక మాటలు వినిపించాయి.

"ఏమప్పా యేసన్నా, ఏందిది!" నాగేశ్వర మామ. "ఆడపిల్లకు ఇస్తివే గొట్టం! మొగపెండ్లోళ్ళు సూస్తాండారు, మేళం పరువేం కావల్ల?"

"నాకు రాదు నాగేశ్వరా," అన్నాడు నాయన. అంతే మామూలుగా అన్నాడు. "మూడు నెల్లాయె. నాకు రాదు."

అప్పుడు అక్కమ్మత్త గొంతు. హారతి పళ్ళెంతో ముందుకు వచ్చి ఉంటుంది. "నేను తాంబూలం నీకిచ్చినా యేసన్నా. నీ బిడ్డకు ఇయ్యల్యా."

"నాకే ఇచ్చినావు. నేను నాలిక మడతేసేవాణ్ణి కాను అక్కమ్మా. ఆ పాట నాది. ఆ నాలిక అంచు నేను కాల్చినా. నోరు నాది కాదు, అంతే."

నేను ఆపలేదు. ఆపితే తిరగవలసి వస్తుంది.

అత్త నా పక్కకు వచ్చింది. పట్టుచీర గరగరలాడింది. నా ముఖంలోకి వంగి చూసింది.

"గోడవతల దినాం వాయించింది నువ్వేనామ్మే?"

నోట్లో మౌత్‌పీసు ఉంది. తల ఊపాను.

అత్త కొంచెంసేపు విన్నది. పాట మలుపు దగ్గర, ఆమె మగ్గం ఆగిపోయే చోట, నిట్టూర్చింది.

"మళ్ళా గోడకే ఏంటికి వాయిస్తావు? గోడ ఇన్నాళ్ళూ విన్నాది. ఇట్ల తిరుగు. మా బీగులు, ఆ మొగపెండ్లోళ్ళు, వినల్ల."

భుజం పట్టి నన్ను తిప్పింది.

ఎదురుగా అంతమంది ఉన్నారు. నేను క్లారినెట్ చివర ఇత్తడి గంట వైపు చూశాను. నడిచాను. పక్కన నాయన తాళాలు తీసుకున్నాడు. తాళంలో నాయన ఎప్పుడూ తప్పడు. నిన్న రెండుసార్లు తప్పాడు. నేను ఆగి అందుకున్నాను.

ఎండలో యోహాను కూలబడలేదు. లూకా కంటే యోహాను అంచు మీద నాయన ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. ఎప్పుడు కాల్చాడో నాకు తెలియదు. మే రెండున కాల్చింది లూకాను మాత్రమే.

మే 11, ఆదివారం

నాయన చర్చికి కండువా లేకుండా వచ్చాడు. పాట పుస్తకం తెరిచాడు. పాడాడో లేదో చూడలేదు.

మే 14

నాయన పొద్దున తన పాత పెట్టె తీసి, మిగిలిన మూడో నంబరు రీడ్లను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ వాటి కాగితాల్లో చుట్టి, పెట్టె అటక మీద పెట్టాడు. రెండున్నర పెట్టె ఉన్న చోట.

సాయంత్రం నాగేశ్వర మామ వచ్చాడు. స్కూటరు దిగలేదు. రేపు బెంగుళూరు పోతున్నాడట. పుట్టపర్తిలో ఒకరు, కదిరిలో ఒకరు అడిగారట, ఆ పిల్ల వాయించే మేళం మీదేనా అని. మామకు అది చెప్పడం అంత ఇష్టంగా లేదు. ఇంకో వైపు చూస్తూ చెప్పాడు.

"రీడ్లు తేవల్లనా యేసన్నా?"

"తే. ఒక పెట్టె."

"మూడో నంబరే కదా?"

నాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిరిగి నా వైపు చూశాడు. ఏప్రిల్ ఆరున చూసినట్టే. అమ్మ చాటలో చేయి ఆపింది. గోడ అవతల మగ్గం కూడా ఆగింది. అది పోగు తెగి ఆగి ఉంటుంది.

"రెండున్నర," అన్నాను.

మామ స్కూటరు ఇంజను ఆపాడు. "ఏందీ? వినపడల్యా పాపా. గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాను.